ఓవర్‌డ్రైవ్ పెట్టెను కట్టుటయు, దాని లోపములను కనుగొనుటయు

విద్యుద్గిటారు తీగెల క్రింద పికప్ అను అయస్కాంతపు చుట్ట యుండును. తీగె కదలినపుడు దానిలో పుట్టెడి విద్యుత్తు మిక్కిలి స్వల్పము. సామాన్యముగా వోల్టులో పదియవ వంతు, గట్టిగా మీటినచో మరికొంత. దానిని యాంప్లిఫయరు పెంచి స్పీకరునకు పంపును. పెంచగల హద్దునకు మించి పెంచబోయినచో ధ్వనితరంగపు శిఖరములు తెగిపోవును. అట్లు తెగిన తరంగమున మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, ఇంకను హెచ్చు కంపనసంఖ్య గల ఉపస్వరములు చేరును. అపుడు గిటారు గొంతు కొంచెము బొంగురుగా, కాని నిండుగాను దీర్ఘముగాను వినవచ్చును. దీనినే ఓవర్‌డ్రైవ్ అందురు.

ఇట్టి ధ్వని మొదట దోషముగానే వినబడినది. అమెరికాలోని నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ అను పాటను రికార్డు చేయుచుండగా, మిక్సరులోని యొక ట్రాన్స్‌ఫార్మరు చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు బరబరలాడినది. వారు దానిని తీసివేయక పాటలో నట్లే యుంచిరి. తరువాత ఇంజనీరగు గ్లెన్ స్నోడీ ఆ బరబరను కోరినపుడెల్ల కలిగించు ట్రాన్సిస్టరు పరికరమును కల్పించెను. అది 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అను పేర అంగళ్లకు వచ్చినది. కాలితో నొక్కెడి పెట్టెలకెల్ల నిది పెద్దక్క.

మనము కట్టబోవు పెట్టె 1970 దశకమున అమెరికాలో వెలువడిన డి.ఓ.డి. 250 అను పెడలు మార్గము ననుసరించినది. దీనికి ప్రాణము 741 అను ఎనిమిది కాళ్ల ఐ.సి.; ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ దీనిని 1968లో రూపొందించెను. ఇంతకంటె మేలైన ఐ.సి.లు పిమ్మట నెన్నియో వచ్చినవి. అయినను క్రొత్తగా నేర్చువారికి ఇంత చౌకయు, ఇంత ఓర్పును గలది వేరొకటి లేదని నా తలంపు. సామగ్రి యంతయు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల దొరకును.

బ్యాటరీ ఋణధ్రువముతో కలిసిన తీగెను గ్రౌండు అందుము. 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువము ఐ.సి. 7వ కాలికిని, గ్రౌండు 4వ కాలికిని చేరవలెను. సంకేతము పైకిని క్రిందికిని ఊగుటకు చోటు కావలెను గనుక, 22 కిలోఓముల రెసిస్టర్లను రెంటిని వరుసగా బ్యాటరీ కొనల నడుమ నుంచినచో వాని మధ్యను నాలుగున్నర వోల్టులు లభించును. ఆ మధ్యస్థానమును 10 మైక్రోఫారడ్ల కెపాసిటరుతో గ్రౌండునకును, 470 కిలోఓముల రెసిస్టరుతో 3వ కాలికిని కలుపవలెను. గిటారు సంకేతము 0.01 మైక్రోఫారడు కెపాసిటరును, 10 కిలోఓముల రెసిస్టరును దాటి యదే 3వ కాలిని చేరును. 6వ కాలినుండి 2వ కాలికి 1 మెగాఓము. 2వ కాలినుండి గ్రౌండునకు 4.7 కిలోఓములు, 500 కిలోఓముల గెయిన్ మర, 0.047 మైక్రోఫారడు కెపాసిటరు వరుసగా నుండవలెను. 6వ కాలినుండి వెలువడు సంకేతము 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటరును, 10 కిలోఓములను దాటి రెండు 1ఎన్4148 డయోడ్ల కడకు వచ్చును. అచ్చటనే 0.001 మైక్రోఫారడు కెపాసిటరు గ్రౌండునకు కలియును. అక్కడినుండి 100 కిలోఓముల లెవెల్ మర, దాని నడిమి కాలినుండి బయటికి త్రోవ.

డయోడ్లు రెండును సంకేతమునుండి గ్రౌండునకే కలియును గాని, యొకదాని నల్లపట్టె గ్రౌండు వైపునను, రెండవదాని పట్టె సంకేతము వైపునను ఉండవలెను. ఒకటి తరంగపు పైశిఖరమును, మరియొకటి క్రిందిశిఖరమును ఇంచుమించు 0.6 వోల్టుల యొద్ద కోయును. గెయిన్ మర ఒక చివర నున్నపుడు ఐ.సి. సంకేతమును మూడింతలే పెంచును. రెండవ చివర సుమారు 214 ఇంతలు. మూడింతలైన పదియవ వంతు వోల్టు 0.3 మాత్రమే గాన డయోడ్లు కదలవు, ధ్వని నిర్మలముగా నుండును. మరను త్రిప్పిన కొలది కోత పెరుగును. 0.047 కెపాసిటరు వలన, పూర్తి గెయిన్ నందు సుమారు 720 కంపనములకు క్రిందనున్న మంద్రస్వరములు తక్కువగా పెరుగును. లేనిచో లావు తీగె మ్రోత బురదవలె నుండును.

రాగిబద్దెల బోర్డుపై కట్టువారు ఐ.సి. క్రింద బద్దెలను తెగగోయుట మరువరాదు. కోయనిచో 2వ కాలు 7తోను, 3వది 6తోను కలిసిపోవును. ఐ.సి.ని నేరుగా నతుకక సాకెట్టు నతికి, యన్నియు సరిచూచిన పిదప దానిలో గ్రుచ్చుట మేలు. మంచి యతుకు మెరయుచు, కాలి చుట్టును వాలుగా దిగును. చెడ్డది మసకగా గోలీవలె కూర్చుండును. సోల్డరింగు ఐరను మొన 300 డిగ్రీలు దాటును, సోల్డరులో సీసముండవచ్చును. కావున పని ముగిసినంతనే చేతులు కడుగుకొని గాని తినరాదు. ఇది బ్యాటరీ పెట్టె గాన షాకు భయము లేదు. కాని ధ్వని రాలేదని యాంప్లిఫయరును విప్పబోకుడు. వాల్వుల యాంప్లిఫయరులో ప్లగ్గు తీసిన పిదపను వందల వోల్టులు నిలిచియుండగలవు. అవి ప్రాణము తీయును. తల్లిదండ్రులు ఈ యొక్క విషయమున కఠినముగా నుండవలెను.

ఇక అసలు సంగతి. మొదటిసారి కట్టిన పెట్టె పలుకకపోవుట సామాన్యము. అపుడు పెక్కుమంది చేతికి దొరకిన భాగమునెల్ల మార్చుచు, మంచి యతుకులను కూడ చెరుపుదురు. లేదా నిరాశతో పెట్టెను అటకపై పారవేయుదురు. రెండును అనవసరము. లోపము సాధారణముగా ఒక్కచోటనే యుండును, ఆ చోటును వెదకి పట్టవచ్చును.

ముందుగా కాలిమీట నొక్కి పెట్టెను ప్రక్కకు తప్పించి వాయింపుడు. అపుడును నిశ్శబ్దమే యైనచో తప్పు జాకులలోనో మీటలోనో కలదు, బోర్డును ముట్టనక్కరలేదు. అట్లు తప్పించినపుడు పలికి, పెట్టెను చేర్చినపుడు మూగవోయినచో మీటరు తీయుడు. గ్రౌండునుండి కొలువగా 7వ కాలు 9 వోల్టులు, 4వది సున్న, 6వది నాలుగున్నర చూపవలెను. 3వ కాలియొద్ద చౌకమీటరు 3 వోల్టులే చూపినను బెదరకుడు. 470 కిలోఓముల చాటున నున్న ఆ కొద్ది విద్యుత్తును మీటరే త్రాగుచున్నది. 6వ కాలే నమ్మదగిన సాక్షి. అది యొక చివరకు, అనగా 8 చేరువకో 2 దిగువకో, అంటుకొని కదలనిచో 2వ కాలి చుట్టునున్న యతుకులను, 1 మెగాఓమును, కోయని బద్దెలను చూడవలెను.

వోల్టులు సరిగా నుండియు పలుకనిచో చెవియే పరికరము. ఒక తీగె కొనకు 0.1 మైక్రోఫారడు కెపాసిటరు నతికి, రెండవ కొనను యాంప్లిఫయరు ఇన్‌పుట్టునకు చేర్చి, గ్రౌండులను కలుపుడు. యాంప్లిఫయరు ధ్వని తగ్గించి యుంచుడు. ఒకరు గిటారు మీటుచుండగా మరియొకరు కెపాసిటరు మొనతో వరుసగా తాకవలెను: ఇన్‌పుట్ జాకు, 3వ కాలు, 6వ కాలు, 4.7 కెపాసిటరు ఆవలి కొన, డయోడ్లు, లెవెల్ మర. ఎచ్చట వినబడి తరువాతి చోట వినబడదో, ఆ రెంటి నడుమనే లోపము. 6వ కాలియొద్ద గట్టిగా పలికి డయోడ్లయొద్ద చచ్చినచో, డయోడు కాలిపోయి గ్రౌండునకు దారి యిచ్చుచున్నదేమో చూడుడు.

పలుకును గాని యోవర్‌డ్రైవ్ లేదన్న ఫిర్యాదు వేరు. ఒక పిల్లవాడు కట్టిన పెట్టెలో ధ్వని సన్నగా, బలహీనముగా వచ్చెను. గెయిన్ మర నెంత త్రిప్పినను భేదము లేదు. వోల్టులన్నియు సరి, అతుకులు ముచ్చటగా నున్నవి. చూడగా 470 కిలోఓముల రెసిస్టరును, 4.7 కిలోఓముల రెసిస్టరును తారుమారుగా నుంచెను. నాలుగు పట్టెల రెసిస్టర్లలో మొదటిది పసుపు–ఊదా–పసుపు, రెండవది పసుపు–ఊదా–ఎరుపు; దీపపు వెలుగులో మూడవ పట్టెయే మోసగించినది. స్థానములు మారుటచే మరను చివరకు త్రిప్పినను మూడింతలే పెంపు. 3వ కాలియొద్ద 4.7 కిలోఓములు సంకేతమును మూడవ వంతునకు తగ్గించి, మంద్రస్వరములను మ్రింగినది. రెండు రెసిస్టర్లు మార్చుటకు పది నిమిషములు పట్టెను. ఐ.సి.ని మార్చియుండినచో పది ఐ.సి.లు మార్చినను ఫలము లేకపోయెడిది.

తెరచియున్నపుడు పలికి, మూత బిగించినంతనే మూగవోవు పెట్టెలును కలవు. అల్యూమినియపు మూతకు ఏదో యొక కాలు తగులుచున్నదన్నమాట. బోర్డునకును మూతకును నడుమ దళసరి యట్టముక్క నుంచిన చాలును.