ఇల్లు రాకపోవడం వేరు, జవాబు రాకపోవడం వేరు

యెరూషలేము సంఘంలో పుట్టిన తొలి తగాదాల్లో ఒకటి బోధ గురించి కాదు, భోజనం గురించి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మనందరికీ తెలిసినదే. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు సణిగారు. అపొస్తలులు వారిని గద్దించలేదు. ఉన్నంతలో పెడుతున్నాం కదా అని సర్దిచెప్పలేదు. పంచే పద్ధతినే మార్చి, ఆ పని మీద ఏడుగురిని నియమించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయిన వారి పక్షం నుంచే బాధ్యులు వచ్చారని అర్థమవుతుంది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. గోదావరిఖని, రామగుండం సంఘాల్లో ఆరాధన ముగిశాక కాపరుల చెవిన పడే మనవుల్లో ఇల్లు ఒకటి. "అయ్యగారూ, ఇంటికి దరఖాస్తు పెట్టినం. ఏమైందో ఎవరూ చెప్తలేరు. ప్రార్థన చేయండి" అంటారు. తప్పక ప్రార్థన చేద్దాం. దానితోపాటు ఆ దరఖాస్తు ఏ దారిలో పోతుందో, ఎక్కడ ఆగుతుందో కూడా తెలుసుకుందాం.

బొగ్గు పట్టణాల్లో చిక్కు భూమి దగ్గరే మొదలవుతుంది. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఇక్కడ చాలా భూమి కంపెనీ చేతిలో ఉంది. బాయి మీద పనిచేసినన్నాళ్లు క్వార్టర్ ఉంటుంది, దిగిపోయాక అప్పజెప్పాలి. కిరాయి ఇళ్లలో బతికే కాంట్రాక్టు కార్మికులు ఎందరో. కంపెనీ స్థలాల్లో గుడిసె వేసుకుని, తర్వాత రేకులు వేసుకుని, ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నవారూ ఉన్నారు. అలాంటి ఇళ్లను క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. కొందరికి పట్టాలు అందాయి, అందరికీ కాదు.

ఈ నేపథ్యంలో 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఇంటికి 5 లక్షల రూపాయలు. పునాది, గోడలు, స్లాబు, ఇల్లు పూర్తవడం అనే దశలను బట్టి ఆ డబ్బు విడతలుగా వస్తుంది. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అన్నారు. సర్వే చేసి దరఖాస్తుదారులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్‌-1. జాగా, ఇల్లు రెండూ లేనివారు ఎల్‌-2. మిగిలినవారు ఎల్‌-3. తొలి విడతలో ప్రాధాన్యం ఎల్‌-1కే.

ఇక్కడే మనవారి పీటముడి. డబ్బు ఇచ్చేది ఇల్లు కట్టుకోవడానికి, కట్టుకోవాలంటే జాగా కావాలి. జాగా లేని విధవరాలు, క్వార్టర్ వదిలిన ముసలి దంపతులు, కిరాయి ఇంట్లోని కాంట్రాక్టు కార్మికుడు అందరికంటే ఎక్కువ అవసరంలో ఉండి కూడా రెండో జాబితాలో ఎదురుచూస్తారు.

కాబట్టి వినిపించే ఫిర్యాదులను రెండుగా విడదీసి చూడాలి. "ఇల్లు రాలేదు" అన్నది ఒకటి. ఇళ్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ అయినప్పుడు ఎవరో ఒకరు ఆగక తప్పదు. "సర్వేకు వచ్చిన రోజు నేను షిఫ్టులో ఉన్న, మళ్లీ రాలేదు, ఏ జాబితాలో పెట్టిన్రో చెప్పలేదు, అనర్హులన్నారు, ఎందుకో రాసివ్వలేదు" అన్నది రెండోది. మొదటిదానికి కొరత కారణం కావచ్చు. రెండోదానికి కొరత సాకు కాజాలదు. జవాబు చెప్పడానికి సిమెంటు, ఇసుక అక్కర లేదు.

ఇంగ్లండులో 1977 నుంచే ఇల్లు లేనివారి దరఖాస్తులు చూడటం స్థానిక కౌన్సిళ్ల చట్టబద్ధ బాధ్యత. కౌన్సిల్ కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. 21 రోజుల్లో పునఃపరిశీలన కోరే హక్కు దరఖాస్తుదారుకు ఉంది. అయినా ఆలస్యాల మీద అక్కడా ఫిర్యాదులు ఆగలేదు. వాటిని విచారించడానికి వేరే అధికారి ఉన్నారు.

మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే చేతులు ఖాళీగా లేవు. నివాసం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్, నిర్ణయం వల్ల ప్రభావితమైన వారికి దాని కారణాలు తెలపాలని అధికారులను ఆదేశిస్తోంది. అడగడం తిరుగుబాటు కాదు, హక్కు.

ఎలా అడగాలి? మొదట దరఖాస్తు రశీదు భద్రం చేసుకోవాలి. ఆ నంబరుతో పథకం వెబ్‌సైట్‌లో తమ పేరు ఏ జాబితాలో ఉందో చూసుకోవాలి. తప్పు ఉంటే మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. సోమవారం పెద్దపల్లి కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వవచ్చు. అప్పటికీ జవాబు లేకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుమూ లేదు. సర్వే ఏ తేదీన చేశారు, ఏ జాబితాలో పెట్టారు, ఏ కారణంతో అని మూడే ప్రశ్నలు. గడువు 30 రోజులు. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు కులం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇస్తుంది.

ఈ రాత్రికే నీడ లేనివారి సంగతి వేరు. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక నైట్ షెల్టర్ ఉండాలన్నది నియమం. రామగుండం జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది. మన ఊళ్లో ఎన్ని ఉన్నాయి, తలుపులు తెరిచే ఉన్నాయా అని సంఘ పెద్దలు ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిది.

ప్రియులారా, మన యౌవనస్థుల చేతిలో ఫోన్లున్నాయి, చదువుంది. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం సంఘ ఆవరణలో బల్ల వేసుకుని కూర్చుంటే, వచ్చినవారి రశీదు చూసి, నంబరు వెతికి, అర్జీ రాసిపెట్టగలరు. విశ్వాసి అయినా కాకపోయినా రాయాలి. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఇల్లు ఇప్పిస్తానని డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి ఇవ్వనివ్వకండి. ఇల్లు ఉండీ లేదని రాయించుకోవడానికి వచ్చినవారికి, అది నిజంగా లేనివారి వంతు లాక్కోవడమేనని ప్రేమతో చెప్పండి.

యెరూషలేములో భోజనపు బల్లల దగ్గర న్యాయం చేశాకే శిష్యుల సంఖ్య విస్తరించిందని లూకా రాశాడు. మన మధ్య ఉన్న విధవరాలికి ఇల్లు ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఆమె అడిగినదానికి జవాబు వచ్చేదాకా పక్కన నిలబడటం మన చేతుల్లోనే ఉంది.