పెట్టె మూగబోయిన రోజు

మా ఇంట్లో లావుపాటి నిఘంటువంత నల్లపెట్టె ఒకటి వున్నది. 'నాస్' అంటారు. పదేళ్ళ ఫొటోలూ, పోయిన మా అమ్మ గొంతూ అందులోనే దాచుకున్నాం. మొన్న ఉదయం మీట నొక్కితే దీపం మినుకుమన్నదే గాని, పెట్టె లేవలేదు. మా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

"కంగారుపడకండి, పెదనాన్నా" అన్నాడు మా తమ్ముడి కొడుకు. "ఇదీ ఓ చిన్న కంప్యూటరే. పెట్టె చచ్చినంత మాత్రాన డిస్కులు చావవు."

ముందు డిస్కులమీద 1, 2 అని అంకెలు వేసి బయటికి తీశాడు. ఖాళీ పెట్టెకు 12 వోల్టుల అడాప్టరు మార్చి చూశాడు. అయినా లేవలేదు. జబ్బు పెట్టెదేనన్నమాట!

మాది 'రెయిడ్ 1'. అంటే రెండు డిస్కుల్లోనూ ఒకటే సరుకు. ఒకదాన్ని లినక్సు కంప్యూటరుకు తగిలించి, చదవడమే తప్ప రాయడం లేకుండా తెరిచాడు. ఫొటోలన్నీ కనిపించాయి! వెంటనే వేరే డిస్కులోకి ఎక్కించాడు.

అదే విండోసుకు తగిలిస్తే, "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుందట. సరేనన్నామా, కొంప మునిగినట్టే. డిస్కు టకటకమని చప్పుడు చేస్తే మాత్రం అక్కడితో ఆపి నిపుణులకు అప్పగించాలి.

"జంట డిస్కులున్నాయిగా, వేరే ప్రతి ఎందుకు అనుకున్నారు మీరు. పొరపాటున ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది గదా!" అని మందలించాడు.

ఇప్పుడు మరో ప్రతి మా అమ్మాయి ఇంట్లో వున్నది. ఆ సాయంత్రం అమ్మ గొంతు మళ్ళీ విన్నాం.

మీ పెట్టె ఇవాళ బాగానే లేచిందా? అయితే ప్రతి తీసుకోవడానికి ఇదే మంచి రోజు.