ఒక్క పంట, ఒక్క పరీక్ష

జ్యేష్ఠమాసం ప్రవేశించగానే అనంతపురం పీఠభూమిలో రెండు నిరీక్షణలు మొదలవుతాయి. ఒకటి చేనిగట్టు మీద, మరొకటి ఇంటిలోపల. దుక్కి దున్ని సిద్ధంగా ఉంచుకొన్న రైతు మబ్బు కోసం ఆకాశం వైపు చూస్తుంటాడు. వైద్యవిద్యా ప్రవేశపరీక్ష వ్రాసిన అతని బిడ్డ ఫలితం కోసం ఎదురుచూస్తుంటుంది. రచ్చబండ దగ్గర కలిసినవారు ఆ తండ్రిని మొదట "వాన పడిందా?" అని అడుగుతారు, ఆ వెంటనే "పాపకు ర్యాంకు వచ్చిందా?" అని అడుగుతారు. వాన పడకపోతే రైతును ఎవరూ తప్పుపట్టరు. ర్యాంకు రాకపోతే మాత్రం ఆ బిడ్డ తల వంచుకోవలసి వస్తున్నది. ఈ తేడా న్యాయమైనదేనా? ఫలితం అంటే నిజానికి ఏమిటి? దానికి ముందుగా ఎలా సిద్ధపడాలి? అనుకొన్నది చేతికి రానప్పుడు ఎలా నిలబడాలి? విద్యార్థులుగా మీరూ, మీ కుటుంబసభ్యులూ ఆలోచించవలసిన ప్రశ్నలివి.

ముందుగా ఈ నేల చెప్పే పాఠం విందాం. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డుకొంటాయి. తూర్పుతీరం దూరం కావడం వలన ఈశాన్య ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. రెండింటి నడుమ అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతంగా మిగిలిపోయింది. 2022లో విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాతో కలిపి చూసినా ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా అదనుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. అందువల్లనే పూర్వం ఇక్కడి రైతులు జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఆముదం, అలసంద వంటి పైర్లను కలిపి పండించేవారు. ఒకటి ఎండినా మరొకటి నిలిచేది. తరువాతి కాలంలో నూనెగింజలకు మంచి ధర పలకడంతో మెట్టభూములలో అధికభాగం వేరుశనగకే అంకితమైంది. వాన కలిసివచ్చిన ఏడు ఇల్లు నిండింది. వాన తప్పిన ఏడు విత్తనం, పెట్టుబడి, పశువుల మేత ఒక్కసారే పోయి, అప్పు మాత్రం మిగిలింది. ఇందులో వేరుశనగ తప్పేమీ లేదు. ఒక్క పంట మీదనే సర్వస్వాన్నీ నిలపడమే ప్రమాదకరమైంది.

ఇదే పొరపాటు ఇప్పుడు అనేక గృహాలలో చదువు విషయంలో జరుగుతున్నది. బిడ్డ వైద్యుడు కావాలన్న కోరిక తప్పు కాదు. ఆపద వేళ బస్సెక్కి పట్టణానికి పరుగెత్తిన కుటుంబాలకు వైద్యుని విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. అనంతపురంలో ప్రభుత్వ వైద్యకళాశాల 2000 సంవత్సరంలో ఏర్పడింది. అంతకుముందు ఈ జిల్లా విద్యార్థులు వైద్యవిద్య కోసం కర్నూలుకో, తిరుపతికో, ఇంకా దూరానికో వెళ్ళేవారు. ఇంటికి దగ్గరలో కళాశాల వెలియడంతో ఆ కోరిక సహజంగానే బలపడింది. అయితే కోరికకూ, సీట్ల సంఖ్యకూ మధ్య ఉన్న దూరాన్ని మనం గుర్తించాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్ ప్రారంభమైంది. చాలాకాలం వైద్యవిద్యలో ప్రవేశానికి అదే ద్వారం. 2017 నుండి ఆ స్థానాన్ని జాతీయస్థాయి పరీక్ష అయిన నీట్ ఆక్రమించింది. దీనిలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. జీవశాస్త్రం నుండి 90, భౌతిక, రసాయన శాస్త్రాల నుండి చెరి 45 ప్రశ్నలు వస్తాయి. సరియైన సమాధానానికి 4 మార్కులు కలుస్తాయి. తప్పు సమాధానానికి ఒక మార్కు తగ్గుతుంది. వదిలివేసిన ప్రశ్నకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక విద్యార్థి 120 ప్రశ్నలకు సరిగా, 40 ప్రశ్నలకు తప్పుగా సమాధానాలు గుర్తించి, 20 ప్రశ్నలు వదిలివేశాడనుకొందాం. అతనికి వచ్చేవి 440 మార్కులు. ఆ 40 ప్రశ్నలనూ ఊహతో గుర్తించకుండా వదిలివేసి ఉంటే 480 వచ్చేవి. కాబట్టి తెలిసినదేదో, తెలియనిదేదో నిజాయితీగా గుర్తించడం కూడా ఈ పరీక్షకు అవసరమైన సాధనలో భాగమే.

2024లో ఈ పరీక్షకు 23 లక్షల మందికి పైగా హాజరయ్యారు. ఆ ఏడాది దేశంలోని ఎంబీబీఎస్ సీట్లు లక్షా పన్నెండు వేలకు పైగా. అంటే ఒక్కొక్క సీటుకు సుమారు ఇరవై మంది. ఇరవై మందీ ఎంత చక్కగా చదివినా సీటు ఒక్కరికే లభిస్తుంది. తక్కిన పంతొమ్మిది మంది మందబుద్ధులని ఈ లెక్క చెప్పడం లేదు. సీట్లు తక్కువగా ఉన్నాయని మాత్రమే చెబుతున్నది.

ర్యాంకు స్వభావాన్ని తెలుసుకోవడానికి అదే సంవత్సరం జరిగిన ఒక సంఘటన ఉపకరిస్తుంది. 2024 జూన్ 4న వెలువడిన ఫలితాలలో 67 మందికి ప్రథమస్థానం దక్కింది. కొందరికి కలిపిన అదనపు మార్కులను రద్దుచేసి, వారిలో కోరినవారికి మళ్ళీ పరీక్ష జరిపిన తరువాత ఆ సంఖ్య 61కి తగ్గింది. భౌతికశాస్త్రంలోని ఒక ప్రశ్నకు రెండు సమాధానాలను సరియైనవిగా పరిగణించడం వివాదమై సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ఢిల్లీ ఐఐటీ నిపుణులు పరిశీలించి వాటిలో ఒక్కటే సరియైనదని తేల్చారు. జూలైలో సవరించిన ఫలితాలు వెలువడేసరికి ప్రథమస్థానంలో 17 మంది మిగిలారు. లక్షలాది విద్యార్థుల మార్కులు మారాయి. ఆ రెండు నెలలలో ఎవరి తెలివీ తగ్గలేదు, ఎవరి శ్రమా చెరిగిపోలేదు. మారినది ఒక ప్రశ్నకు సమాధానసూచిక మాత్రమే. అర్హత మార్కు సంగతీ ఇటువంటిదే. రిజర్వేషన్ వర్తించని విభాగంలో అది 2023లో 137, 2024లో 162, 2025లో 144. ఒకే విద్యార్థి 150 మార్కులతో ఒక ఏడు అర్హుడు, మరుసటి ఏడు అనర్హుడు, ఆ పై ఏడు మళ్ళీ అర్హుడు అవుతాడు. ర్యాంకు ఒక నిర్దిష్టదినాన, నిర్దిష్ట ప్రశ్నలకు, నిర్దిష్ట జనసమూహంలో మన స్థానాన్ని సూచించే అంకె. దానిని గౌరవించాలి, కాని దానిని మన విలువకు తూనికరాయిగా భావించకూడదు.

ఇక సన్నద్ధత సంగతి. పరీక్షకు సిద్ధపడినంత శ్రద్ధగా మనం ఫలితానికి సిద్ధపడడం లేదు. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు కొందరు తొలకరికి ముందే పొడినేలలో పలురకాల విత్తనాలు చల్లి ఉంచుతారు. వాన వచ్చిన తరువాత ఆలోచించడం కాక, రాకముందే ఏర్పాటు చేసుకోవడం అందులోని వివేకం. విద్యార్థి కూడా ఫలితానికి ముందే, మనస్సు ప్రశాంతంగా ఉన్నప్పుడే, తల్లిదండ్రులతో కూర్చుని మూడు దారులు కాగితం మీద వ్రాసుకోవాలి. సీటు వచ్చే ర్యాంకు లభిస్తే ఏమి చేయాలి? అర్హత లభించి, ఎంబీబీఎస్‌కు ర్యాంకు చాలకపోతే ఏమి చేయాలి? అర్హతే లభించకపోతే ఏమి చేయాలి? మూడవ ప్రశ్న వ్రాసుకోవడం అపశకునమని కొందరు పెద్దలు భావిస్తారు. కరువు నేలలో గాదెలో గింజలు దాచడం అపశకునం కాదు కదా!

పరీక్ష ముగిసిన కొద్దిరోజులకు తాత్కాలిక సమాధానసూచిక విడుదల అవుతుంది. దానితో సరిచూసుకొంటే మార్కులు ఎవరికి వారే లెక్కకట్టుకోవచ్చు. సూచికలో పొరపాటు ఉన్నదని తోస్తే నిర్ణీత రుసుము చెల్లించి అభ్యంతరం తెలుపవచ్చు. ఇలా ముందుగా లెక్క తెలిసినవారికి ఫలితం పిడుగుపాటులా తగలదు. ఈలోగా ఇంటర్మీడియట్ మార్కుల పత్రం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్థానికతను తెలిపే చదువు ధ్రువపత్రాలు సమకూర్చుకోవాలి. రాష్ట్రంలోని ప్రభుత్వ వైద్యకళాశాలలలో 15 శాతం సీట్లు అఖిలభారత కోటా కిందికి వెళతాయి. మిగిలిన 85 శాతం సీట్లకు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ నిర్వహిస్తుంది. కౌన్సెలింగ్ ఒక్క విడతతో ముగియదు. మొదటి విడతలో సీటు రానివారికి, ఇతరులు వదులుకొన్న సీట్ల వలన తరువాతి విడతలలో అవకాశం లభించవచ్చు. ర్యాంకు చూసి నిరుత్సాహపడి గడువు దాటనివ్వడం చేతికి వచ్చిన పంటను చేనిలోనే వదిలివేయడం వంటిది.

దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియో వైద్యాలకు కూడా నీట్ అర్హతే ఆధారం. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ప్రయోగశాల పరీక్షలకు సంబంధించిన విద్యలు రోగి సేవకు దగ్గరి దారులే. జీవశాస్త్రం చదివినవారికి వ్యవసాయశాస్త్రం మరొక మార్గం. కదిరిలోని వ్యవసాయ పరిశోధనాస్థానం కదిరి-6, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలను రైతులకు అందించింది. ఈ పీఠభూమిలో ఒక మంచి విత్తనం వేల కుటుంబాలకు ఆసరా. వీటిని ఓడినవారి ఆశ్రయాలుగా కాక, స్వతంత్రమైన విద్యలుగా ముందుగానే తెలుసుకొన్నవారు తరువాత చిన్నబుచ్చుకోరు.

మరొక సంవత్సరం చదివి తిరిగి పరీక్ష వ్రాయడం కూడా ఒక దారే. నీట్‌కు ఇన్నిసార్లే వ్రాయాలన్న నియమం లేదు; గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. కాని ఆ నిర్ణయానికి ముందు మూడు విషయాలు విచారించాలి. క్రిందటిసారి మార్కులు ఎక్కడ, ఎందుకు పోయాయో స్పష్టంగా తెలిసిందా? శిక్షణకయ్యే ఖర్చును కుటుంబం కొత్త అప్పు లేకుండా భరించగలదా? ఆ సంవత్సరాన్ని కోరుకొంటున్నది విద్యార్థా, బంధుజనమా? ఈ మూడింటికీ తృప్తికరమైన సమాధానం దొరికితే మరొక ప్రయత్నం చేయడం సమంజసమే.

పరీక్షాఫలితం మనిషిని పూర్తిగా కొలవలేదనడానికి మన తెలుగువారిలోనే ఒక నిదర్శనం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత అమెరికా వెళ్ళి, జీవకణాలలోని శక్తికి సంబంధించిన కీలక పరిశోధనలు చేశాడు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి ఔషధం, ఆరియోమైసిన్ వంటివి వెలువడ్డాయి. తప్పినవారందరూ సుబ్బారావులవుతారని దీని అర్థం కాదు. ఆయనలోని శక్తిని ఆ పరీక్షలు కొలవలేకపోయాయని మాత్రమే దీని అర్థం.

ఫలితం వెలువడే రోజును గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ఆనాడు విద్యార్థి ఒంటరిగా ఉండకూడదు. నమ్మకమైన ఒకరి సమక్షంలో ఫలితం చూసుకోవాలి. దుఃఖం కలిగితే ఏడవడం బలహీనత కాదు. రెండుమూడు రోజుల వరకు పెద్ద నిర్ణయాలేవీ తీసుకోనక్కరలేదు. వేళకు భోజనం, నిద్ర తప్పనీయకూడదు. ఇతరుల ర్యాంకులు ఆరా తీయడం మానాలి. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, "నేను మీకు భారమయ్యాను" అనడం వంటి లక్షణాలు కనిపిస్తే ఇంటివారు తేలికగా తీసుకోకూడదు. దగ్గర కూర్చుని, తర్కించకుండా వినాలి. జీవించి ఉండడమే వ్యర్థమన్న ఆలోచన వచ్చినవారు ఆ క్షణమే ఎవరో ఒకరితో చెప్పాలి. 14416 సంఖ్యకు ఫోను చేస్తే టెలీమానస్ సలహాదారులు రాత్రింబగళ్ళు, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. విశాఖపట్టణంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశానికంతటికీ వర్తించే మార్గదర్శకాలను వెలువరించింది. నూరుగురు, అంతకు మించిన విద్యార్థులున్న విద్యాసంస్థలలో కనీసం ఒక మానసిక సలహాదారు ఉండాలనీ, మార్కుల ఆధారంగా విద్యార్థులను వేరుచేసి అందరిలో అవమానించరాదనీ అందులో పేర్కొన్నది. అడిగి సహాయం పొందడం విద్యార్థుల హక్కు అన్నమాట.

వాన రాని ఏడు పొలం నుండి ఇంటికి వచ్చిన రైతుకు ఇంటివారు ముందుగా కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం వడ్డిస్తారు. పంట లెక్కలు తరువాతి మాట. ఫలితం తెలిసిన సాయంత్రం బిడ్డకూ ఆ మర్యాద దక్కాలి. ఆనాడు గడపలో అడుగుపెట్టిన తండ్రి నోట మొదట రావలసిన మాట "ఎంత వచ్చింది?" అన్నది కాదు, "అన్నం తిన్నావా, తల్లీ?" అన్నది. మూడు దారులు వ్రాసుకొన్న కాగితాన్ని మరునాటి ఉదయం తీసి చూసుకోవచ్చు.