మిస్సమ్మ చిత్రములోని అపరాధ పరిశోధకుడు

ద్వారకా తిరుమలలో ఏటేట వైశాఖమాసమునను ఆశ్వయుజమాసమునను స్వామివారి కల్యాణోత్సవములు జరుగును. ఆ దినములలో కొండ దిగువను మెట్లమీదను ఇసుక వేసిన రాలనంత జనము. ఆ సమ్మర్దములో తల్లి కొంగు విడిచిన బిడ్డ బిక్కమొగముతో నిలుచుటయు, పేరు పెట్టి పిలుచుచు తల్లి పరుగులెత్తుటయు మాలో పలువురము చూచితిమి. సాధారణముగా గడియ గడువకమునుపే బిడ్డ దొరకును. దొరకనిచో ఏమగును? ఈ ప్రశ్న నాధారముగా చేసికొని అల్లిన తెలుగు చిత్రమొకటి కలదు. అదియే 1955వ సంవత్సరము జనవరి 12వ తేదీన విడుదలయైన మిస్సమ్మ. అది హాస్యచిత్రమని ఎల్లరును ఎరుగుదురు. అది అపరాధ పరిశోధక కథకు దగ్గరి చుట్టమని తలచువారు మాత్రము అరుదు. ఆ చుట్టరికమెట్టిదో, ఆ చిత్రమును నిర్మించినవారెవరో మా పాఠకులకు ఇచ్చట వివరింపదలచితిమి.

పరిశోధక కథకు ముఖ్యముగా మూడు అంగములు కావలెను. మరుగుపడిన సత్యమొకటి, దానిని పట్టియిచ్చు చిన్న గుర్తు ఒకటి, ఆ గుర్తును వెంబడించు మనుష్యుడొకడు. ఇంగ్లండులో కానన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. వంగదేశమున శరదిందు బంద్యోపాధ్యాయుడు 1932లో బ్యోమకేశ్ బక్షీ యను పరిశోధకుని సృష్టించెను. ఈ శరదిందుబాబే 'డిటెక్టివ్' అను హాస్యకథను కూడ వ్రాసెను. తెనాలి వాస్తవ్యులైన చక్రపాణిగారు వంగభాష నేర్చి, శరత్‌బాబు నవలలను తెనిగించినవారు. వారు ఆ 'డిటెక్టివ్' కథను, రవీంద్రనాథ మైత్ర రచించిన 'మన్మయీ గర్ల్స్ స్కూల్' అను నాటకమును ఆధారముగా తీసికొని, రెంటిని పడుగుపేకలుగా కలిపి మిస్సమ్మ కథను నేసిరి. కావున పరిశోధకుడు ఈ చిత్రములో ఊరక వచ్చిన విదూషకుడు కాడు. కథలో సగము వానిదే.

ఆ కథ ఎట్టిదనగా: అప్పాపురము జమీందారైన గోపాలముగారి పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నతనమున కాకినాడలో తప్పిపోయినది. ఆ బిడ్డ పేరిట వారొక పాఠశాలను నడుపుచుందురు. దానికి పట్టభద్రులైన భార్యాభర్తలే ఉపాధ్యాయులుగా కావలెనని ప్రకటన చేయుదురు. ఉద్యోగము లేని రావు అను యువకుడును, తండ్రి చేసిన అప్పుచేత పీడింపబడుచున్న మేరీ అను క్రైస్తవ యువతియు దంపతులమని బొంకి ఆ పనిలో చేరుదురు. జమీందారుగారి మేనల్లుడు రాజు తన్ను తాను గొప్ప డిటెక్టివునని నమ్మినవాడు. తప్పిపోయిన మహాలక్ష్మిని వెదకి తెచ్చుట వాని పని. వానికున్న ఆధారము పాదముమీది పుట్టుమచ్చ. ఆ మహాలక్ష్మియే మేరీ!

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లను సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. తాను వెదకు మనిషి తన ఊరి బడిలోనే పాఠము చెప్పుచుండగా, పరిశోధకుడు ఆమెనొక్కతెను విడిచి తక్కిన లోకమునంతయు అనుమానించును.

ఇచ్చట కథాశిల్పమున గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. సామాన్యమైన పరిశోధక కథలో నిజము చివరి పుటవరకు పాఠకునకు తెలియదు. మిస్సమ్మలోనో, మేరీ యెవరో ప్రేక్షకుడు చాల ముందుగనే పసిగట్టును. తెలియనిది చిత్రములోని వారికే. ఆంగ్ల దర్శకుడు హిచ్‌కాక్ ఈ భేదమును చక్కగా వివరించినాడు. బల్లక్రింద బాంబున్నదని ఎవరికిని తెలియక అది ప్రేలినచో ఒక్క క్షణము ఉలికిపాటు కలుగును. ప్రేక్షకునకు ముందే తెలిసి, బల్లచుట్టు కూర్చున్నవారికి తెలియనిచో, ఆ ముచ్చట సాగినంతసేపును గుండె దడదడ కొట్టుకొనును. చక్రపాణిగారు బాంబునకు మారుగా పుట్టుమచ్చ నుంచిరి; దడకు మారుగా నవ్వు పుట్టించిరి. సాధనము మాత్రము ఒక్కటియే.

ఇక చిత్రమును నిర్మించినవారి మాట. దర్శకులు ఎల్. వి. ప్రసాదుగారు మన ఏలూరునకు సమీపమందలి సోమవరప్పాడున 1908లో జన్మించిరి. యౌవనములోనే బొంబాయికి పోయి, మొదట చిన్నచిన్న పనులు చేసి పొట్టపోసికొనిరి. హిందీలో తొలి టాకీ 'ఆలం ఆరా', అరవమున తొలి టాకీ 'కాళిదాస్', తెలుగున తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' – ఈ మూటియందును నటించిన భాగ్యము వారిది. 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారికి లభించినది. హైదరాబాదులోని ప్రసిద్ధ నేత్రవైద్యాలయము నేటికిని వారి పేరనే వెలయుచున్నది.

జమీందారు పాత్రధారి ఎస్. వి. రంగారావుగారు నూజివీడున పుట్టినవారు. దేవయ్యగా నవ్వించిన రేలంగి వెంకట్రామయ్యగారు తాడేపల్లిగూడెములో తమ పేరిట చిత్రమందిరమును కట్టించినవారు. పరిశోధకుడు రాజుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుగారు కొల్లేటికి దక్షిణ దిక్కున గుడివాడ ప్రాంతపు రామాపురమువారు. 1953లో 'దేవదాసు'గా ఆంధ్రదేశమును ఏడిపించిన పిమ్మట, తనకు విషాదపాత్రలే అంటుకొనునేమో యని తలచి, నాగేశ్వరరావుగారు ఈ హాస్యపాత్రను కోరి స్వీకరించిరి. కథానాయకుడు రావుగా నందమూరి తారక రామారావుగారుండగా, రెండవ స్థానమునకు వారు వెనుదీయలేదు.

మేరీ పాత్రకు మొదట భానుమతిగారిని నియమించి కొన్ని రీళ్లు చిత్రించిరి. పిమ్మట ఆ యేర్పాటు మారి పాత్ర సావిత్రిగారికి దక్కినది. సావిత్రిగారికి ముందనుకొన్న సీత పాత్ర జమునగారికి వచ్చినది. విజయావారి నాగిరెడ్డి చక్రపాణులు నిర్మాతలు; ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లీ; సంగీతము సాలూరి రాజేశ్వరరావు; పాటలు పింగళి నాగేంద్రరావు. అరవమునను ఏకకాలముననే చిత్రించిరి. అందు పరిశోధకుడు తంగవేలు. 1957లో ప్రసాదుగారే హిందీలో 'మిస్ మేరీ' తీయగా, అందు పరిశోధకుడు కిశోర్ కుమార్. మూడు భాషలలోను ఆ పాత్రను నవ్వింపగలవారికే అప్పగించుట గమనింపదగినది.

తరువాతి కాలమున తెలుగువారు ఈ త్రోవను విడువలేదు. 1985లో వంశీ 'అన్వేషణ'లో అడవి నడుమ హత్యారహస్యమును నడిపిరి. 1986లో నరసాపురమువారైన జంధ్యాల, మొగల్తూరువారైన చిరంజీవిని 'చంటబ్బాయ్'లో హాస్యపు డిటెక్టివుగా నిలిపిరి. రాజునకు పాండురంగారావు తమ్ముడనిన తప్పులేదు.

కొందరు తలిదండ్రులు పరిశోధక చిత్రములు పిల్లలకు నేరములు నేర్పునని శంకింతురు. ఆ శంక నిష్కారణము కాదు. కాని మిస్సమ్మలో హత్య లేదు, నెత్తురు లేదు. ఇందలి అపరాధమంతయు ఒక బొంకు. దానిని పుట్టించినది నిరుద్యోగము. ఆ బొంకును నిలుపుటకు ఇంకొకటి, దానికి మరియొకటి చెప్పవలసివచ్చి, చదువుకొన్న యిద్దరు ఎంత అవస్థపడిరో చూచిన విద్యార్థికి వేరొక నీతిపాఠము అక్కరలేదు.

ఇంతకంటె గాఢమైన విషయము ఇంకొకటి కలదు. పరిశోధన ముగిసి మేరీయే మహాలక్ష్మి యని తేలినపుడు జమీందారు దంపతులకు బిడ్డ దొరకినది. మరి ఇన్నియేండ్లు ఆమెను పెంచి, చదివించి, తమ దేవుని ప్రార్థించుట నేర్పిన పాల్ దంపతుల మాటయేమి? పుట్టుమచ్చ కన్నవారెవరో చెప్పగలదు. పెంచిన చేతులను గూర్చి అది యేమియు చెప్పలేదు. ఈ కొరతను ఎరిగియే కాబోలు, చిత్రకారులు ఆ క్రైస్తవ గృహమును ఎచ్చటను చులకన చేయక, మేరీ ప్రార్థనను గౌరవముతో చూపించిరి. వారి మంచితనమునకు ఇంతకంటె సాక్ష్యము మాకు కనబడదు.

చిత్రము వెలువడి డెబ్బదియేండ్లు దాటినవి. అందు నటించినవారిలో పెక్కురు గతించిరి. అయినను ఉత్సవపు గుంపులో ఏడ్చుచున్న బిడ్డను చూచినపుడు మాకు రాజు జ్ఞప్తికి వచ్చును. వానిని చూచి నవ్వితిమి గాని, ఇతరులు మరచినను ఆ బిడ్డను వెదకుట మానని వాడు వాడొక్కడే. విద్యార్థులారా! మీరు డిటెక్టివులు కానక్కరలేదు. తప్పిపోయిన బిడ్డ కనబడినపుడు ఆగి, చేయిపట్టుకొని, తల్లి వచ్చువరకు విడువకుండుడు. దూరమున వెదకుటకు ముందు ప్రక్కనున్నవారిని ఒకమారు శ్రద్ధగా చూడుడు.