కుళాయి తిప్పే కనిపించని చెయ్యి

తెల్లవారుజామున నాలుగు గంటలు. బిందెలూ బకెట్లూ వరుసగా పెట్టుకుని ఇల్లాలు కుళాయి దగ్గర కాచుకుని ఉన్నది. కుళాయి బుస్సుమంటున్నదే కాని బొట్టు రాలదు.

"ఇవాళ మన వంతేనా, పిన్నిగారూ?"

"ఏమోనమ్మా! ఆ లైన్‌మన్‌నే అడగాలి."

మన పట్టణాలలో ఈ మాటలు వినపడని వీధి ఉన్నదా? వాల్వు తిప్పే ఆ లైన్‌మన్ పని కొన్ని దేశాలలో కొంచెం కొంచెంగా యంత్రం చేతికి వస్తున్నది. ఆ యంత్రాన్ని నడిపేది కృత్రిమ మేధ.

హైదరాబాదునే తీసుకోండి. 1908లో మూసీ వరద వచ్చిన తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఒకప్పుడు నగరం దాహం తీర్చేవి. నేడు కృష్ణా గోదావరుల నీరు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి రావాలి. అంత దూరం, అంత ఎత్తుకు పంపులతో తోడాలంటే కరెంటు ఖర్చు సామాన్యం కాదు. ఇన్ని పాట్లుపడి తెచ్చిన నీరు గొట్టాల పగుళ్లలో నేలపాలైతే?

ఇక్కడే యంత్రం అక్కరకు వస్తుంది. పాత లెక్కలు, ఎండలు, పండుగలు చూచి ఏ గంటకు ఎంత నీరు కావాలో ముందే అంచనా కడుతుంది. ఏ పంపు ఎప్పుడు నడపాలో, ఏ వాల్వు ఎంత తిప్పాలో నిర్ణయిస్తుంది. గొట్టం పగిలితే ఆ అదురు నీటిలో అలలాగా రెండు వైపులకూ పరుగెత్తుతుంది. రెండు చోట్ల పెట్టిన పరికరాలకు అది చేరిన క్షణాల తేడాను బట్టి పగులెక్కడో తేలిపోతుంది. వెనుకటి పనివాడు రాత్రివేళ నేలకు కర్ర ఆనించి, చెవి పెట్టి విన్న పనే ఇది!

సింగపూరులో ఇట్టి పరికరాలు పనిచేస్తున్నవి. కాని అక్కడ గొట్టాలలో రాత్రింబగళ్లు నీరుంటుంది. వంతులవారీగా వదిలేచోట సగంరోజు గొట్టాలు ఖాళీ. ఖాళీ గొట్టంలో అల ఎక్కడిది?

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. యంత్రం పాఠం నేర్చుకునేది పాత లెక్కల నుంచే. గొట్టం చివర ఉన్న బస్తీకి ఏళ్ల తరబడి రెండేసి బిందెలే అందినవనుకోండి. "వీరి వాడకం ఇంతే కాబోలు" అని అది లెక్క వేసుకుంటుంది. అందని నీరు అక్కరలేని నీరైపోతుంది! లైన్‌మన్‌నైతే నిలబెట్టి అడగవచ్చు. యంత్రాన్ని ఎవరు అడుగుతారు?

కాబట్టి చివరి వీధిలో కూడా ఒత్తిడి కొలిచే పరికరం పెట్టాలి. ఎవరికి ఎంత నీరివ్వాలో మనుష్యులే నిర్ణయించి, పదిమందికీ తెలియజేయాలి. వాల్వు యంత్రమే తిప్పినా, జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండాలి.

ఆ ఏర్పాటు జరిగిననాడు పిన్నిగారు నాలుగింటికి లేవనక్కరలేదు. హాయిగా ఆరింటిదాకా నిద్రపోవచ్చు!