వేరుసెనగ తెగులు నేర్పిన పాఠము

రోగము నెఱుగక మందు వేసినచో ఖర్చే గాని గుణము కలుగదు. పైరు విషయమునను ఇంతియే. ఇందులకు మన అనంతపురము సీమలో 2000 సంవత్సరమున వేరుసెనగకు వచ్చిన తెగులు మంచి దృష్టాంతము గాన, దానిని సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టభూములలో వేరుసెనగయే రైతునకు ముఖ్యాధారము. ఆ యేటి ఖరీఫులో సుమారు 2,25,000 హెక్టార్ల పైరు తెగులుపాలయ్యెను. లేత ఆకులపై మచ్చలు పుట్టి, కాడలకును కాండమునకును ప్రాకి, మొవ్వు మాడి మొక్కలు చచ్చెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా వేసిరి.

మొదట దీనిని మొవ్వుకుళ్లు తెగులని తలచిరి. రెంటికిని పోలిక గలదు. రెంటియందును తామరపురుగుల ప్రమేయము గలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, ఇది టొబాకో స్ట్రీక్ అను వేఱొక వైరసు వలన గలిగినదని తేలెను. దీనికి కాండము కుళ్లు తెగులని పేరు.

పేరు మాఱినంతనే రైతునకేమి లాభమని కొందఱు అడుగవచ్చును. లాభము కలదు. మొవ్వుకుళ్లు వైరసు తామరపురుగు దేహములోనే వృద్ధిపొందును. ఈ వైరసు అట్లు గాక పుప్పొడిలో నుండును. వయ్యారిభామ మొక్క పైకి రోగచిహ్నమేదియు చూపకయే దీనిని తనలో దాచుకొనును. దాని పుప్పొడి గాలిచేతను, పురుగుల యొంటిపైనను వచ్చి వేరుసెనగ ఆకుపై పడును. పురుగు ఆకును గీకిన గాయము ద్వారా వైరసు లోనికి పోవును. వేరుసెనగ విత్తనము ద్వారా ఇది రాదు. కావున శత్రువు మూలము చేనిలో గాక గెనిమ మీద నున్నది.

ఇది తెలిసినపిమ్మట చేయవలసిన పనులు సులభములే. తొలకరికి మొలచు వయ్యారిభామను పూత రాకమునుపే పెఱికివేయవలయును. పూచినపిమ్మట పెఱికిన ఫలము తక్కువ. ఒంటికి తగిలిన దురద పుట్టును గాన చేతులకు తొడుగు లుండవలయును. చేని చుట్టును నాలుగు సాళ్లు జొన్న గాని సజ్జ గాని చల్లినచో, గాలితో వచ్చు పురుగులకు అడ్డుగా నిలుచును. వ్యవసాయాధికారి చెప్పిన మోతాదున మందుతో విత్తనశుద్ధి చేయవలయును. పైరు పలుచబడకుండ తగినంత విత్తనము వేయవలయును.

అయితే ఒక్క రైతు తన చేను శుభ్రపఱచుకొన్నంత మాత్రమున చాలదు. బాట ప్రక్కలను, బీళ్లలోను, పొరుగువాని గెనిమలపైనను పూచిన మొక్క వానికిని హాని చేయును. గాలికి హద్దురాళ్లు లేవు. ఇట్టి పనికే సంఘములు గలవు. ప్రతి గ్రామసంఘము విత్తుటకు ముందు ఒక దినము నిర్ణయించి, ఊరంతయు కలిసి ఈ కలుపును తొలగింపవలయునని మా సూచన. ఏ చేనిలో నేమి చేసిరో, ఫలమెట్లుండెనో సంఘపు పుస్తకములో వ్రాసియుంచవలయును. ఫలించినదానితోపాటు ఫలింపనిదానిని కూడ వ్రాసిననే మఱుసటి యేటి రైతునకు దారి తెలియును.