తప్పు బ్రేకు వైరుది... శిక్ష అమ్మాయికా?

ఉదయం ఎనిమిదిన్నర. విస్సన్నపేటలో నూజివీడు, తిరువూరు వెళ్లే రోడ్డు మీద బస్సులు, ఆటోలు, మామిడి సీజనైతే కాయల లోడు బండ్లు. వాటి మధ్యలోంచే పుస్తకాల సంచీ తగిలించుకుని సైకిలు మీద బడికి వెళుతుంది మన అమ్మాయి. హఠాత్తుగా గేదె అడ్డం వచ్చిందనుకోండి... బండిని ఆపేది ఏమిటి? ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న సన్నని తీగ!

ఆ తీగ తెగి పిల్ల పడిందంటే మన ఇళ్లల్లో మొదట వచ్చే మాట "ఇక సైకిలు వద్దులే" అని. మగపిల్లాడైతే సైకిలు బాగుచేయిస్తాం. ఆడపిల్లయితే సైకిలే మాన్పిస్తాం. 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది బడి మానకూడదనే కదా! అందుకే ఆ తీగ సంగతి అమ్మలకూ తెలియాలి.

ముందే చెబుతుంది!

పాతకాలం పెద్ద సైకిళ్లకు కడ్డీ బ్రేకులుండేవి. ఇప్పటి లేడీస్ సైకిళ్లలో చాలావాటికి వైరు బ్రేకులే. బ్రిటన్‌లో ఎర్నెస్ట్ బౌడెన్ 1896లో పేటెంటు పొందిన ఏర్పాటిది. పైగొట్టం కదలదు, లోపలి తీగ జారుతుంది. లివరు నొక్కగానే తీగ బిగిసి, రబ్బర్లు చక్రం రిమ్మును పట్టుకుంటాయి.

ఈ తీగ చాలాసార్లు తెగేముందు గుర్తులు చూపిస్తుంది. వారానికోసారి ఇవి చూడండి.

* లివరు దగ్గర తీగ చివర ఉండే గుండు పక్కన ఒక్క పోగు విడినా మార్చేయాల్సిందే.
* వదిలాక లివరు వెనక్కి రాకపోతే లోపల తుప్పు పట్టి ఉండవచ్చు.
* గొట్టం చిట్లి లోపలి ఇనుప చుట్ట కనిపిస్తుంటే వాన నీరు దిగుతుంది.
* లివరు హ్యాండిలుకు తగులుతుంటే ముందు రబ్బర్లు అరిగాయేమో చూడండి. అవి బాగుంటే తీగ వదులైనట్టు.

కొనేటప్పుడు...

పాత తీగను వెంట తీసుకెళ్లండి. గుండు ఆకారం, పొడవు సరిపోవాలి. గేర్ల వైరు అంటగడితే మాత్రం తీసుకోకండి. అది ఇంకా సన్నం, దాని గొట్టం కూడా బ్రేకు ఒత్తిడికి ఆగదు. నాలుగు రూపాయలు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మేలు, త్వరగా తుప్పు పట్టదు. గొట్టం పాడైతే అదీ మార్చాలి. కొత్త తీగను పాత తుప్పులోకి దూర్చి లాభమేముంది?

మార్చడం ఎలా?

కావలసినవి పానా, కటింగ్ ప్లేయరు, కాస్త గ్రీజు. చాలా సైకిళ్లకు 10 నంబరు పానా సరిపోతుంది.

పాత తీగ ఏ దారిన వెళ్లిందో బాగా చూసుకోండి. బ్రేకు దగ్గర నట్టు వదులు చేసి తీగ లాగేయండి. గొట్టం కత్తిరించాల్సి వస్తే పాతదాని కొలతకే కత్తిరించి, చివర నలగకుండా సరిచేయండి. హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పినా గొట్టం బిగుసుకోకూడదు, మడత పడకూడదు.

కొత్త తీగకు పల్చగా గ్రీజు రాసి, గుండును లివరులో కూర్చోబెట్టి, గొట్టంలోంచి తీయండి. రబ్బర్లను రిమ్ముకు దగ్గరగా పట్టుకుని తీగ లాగి నట్టు బిగించండి. మిగిలిన తీగను రెండంగుళాలు ఉంచి కత్తిరించి, కొసకు టోపీ తొడగండి. లేకపోతే పోగులు విడి చున్నీకి పట్టుకుంటాయి, వేలికి గుచ్చుకుంటాయి!

ఇప్పుడు లివరును పదిసార్లు గట్టిగా నొక్కండి. తీగ జారితే ఇక్కడే తెలుస్తుంది. కాస్త సాగితే సర్దే మరను తిప్పి సరిచేయండి. ముందు, వెనక బ్రేకులు రెండూ పట్టాకే వీధిలో నెమ్మదిగా తొక్కి చూడాలి. అనుమానముంటే సైకిలు షాపులో ఒకసారి చూపించండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాదిమంది పల్లె మహిళలు సైకిలు నేర్చుకున్నారు. తొక్కడం మనకూ వచ్చేసింది. ఇక పానా పట్టడమే మిగిలింది. ఈ ఆదివారం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. వచ్చేసారి తనే మార్చుకుంటుంది!